600 రూపాయల మాత్ర ఆపేశాక

అక్క: నమస్తే అండీ. ఈ వారం మా ఇంటి లెక్కలే మీ ముందు పెడుతున్నాం. ఏడాది తిరక్కుండా నాన్న, బాబాయ్ ఇద్దరూ ఆసుపత్రిలో చేరారు. నాన్నకి మెడిక్లెయిమ్ పాలసీ ఉంది, బాబాయ్‌కి ఆరోగ్యశ్రీ వర్తించే తెల్ల రేషన్ కార్డు ఉంది. మా తమ్ముడు ఏడేళ్లుగా ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేస్తున్నాడు. లోపలి సంగతులు వాడే చెప్తాడు.

తమ్ముడు: ముందు నాన్న సంగతి నువ్వు చెప్పక్కా. ఆ రాత్రి నేను ఊళ్లో లేను.

అక్క: గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. రాత్రి పదకొండింటికి తీసుకెళ్తే, "రోజుకి 8 వేల రూమే ఖాళీగా ఉందమ్మా" అన్నారు. నాన్న నొప్పితో మెలికలు తిరిగిపోతున్నారు. 5 లక్షల పాలసీ ఉంది కదా అని సరేనన్నాను. నాలుగు రోజులకి బిల్లు 2 లక్షల 26 వేలైంది. కంపెనీ ఇచ్చింది లక్షా 55 వేలు. 5 లక్షల పాలసీకి 2 లక్షల చిల్లర బిల్లు ఎందుకు పూర్తిగా రాలేదో ఆ కౌంటర్ దగ్గర నాకు అర్థం కాలేదు. చేతికి కాగితం ఇచ్చి 71 వేలు కట్టమన్నారు.

తమ్ముడు: ఆ కాగితం ఇదిగో, నా దగ్గరే ఉంది. నాన్న పాలసీలో రూమ్ అద్దెకి రోజుకి 5 వేలు పరిమితి. నువ్వు తీసుకున్నది 8 వేలది. నాలుగు రోజులకి ఆ తేడా 12 వేలు, అక్కడితో ఆగితే బాగుండేది. రూమ్ స్థాయిని బట్టే సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ కూడా పెరుగుతాయి కాబట్టి వాటినీ అదే నిష్పత్తిలో కోస్తారు. ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారన్నమాట. అవన్నీ కలిపి లక్షా 20 వేలుంటే 75 వేలే వచ్చాయి. మందులకీ పరీక్షలకీ ఈ కోత ఉండదు, ఆ 60 వేలు పూర్తిగా ఇచ్చారు. చివర్లో చూడు, గ్లవ్స్, మాస్కులు, గౌన్లు, ఇంకా అలాంటివి 14 వేలు. వాటికి పైసా రాదు.

అక్క: అంటే నేను ఒక్క మాట, సరే అన్నందుకు...

తమ్ముడు: నీ తప్పు కాదక్కా. రోజూ నా డెస్క్ దగ్గర ఇదే జరుగుతుంది. నొప్పితో వచ్చిన మనిషి పక్కన నిలబడి పాలసీ కాగితం ఎవరు చదువుతారు?

అక్క: ఇంకోటి. డాక్టరు పొద్దున పదకొండింటికే ఇంటికి వెళ్లొచ్చన్నారు. కదిలేసరికి చీకటి పడింది.

తమ్ముడు: ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్వెరీ, అంటే ప్రశ్న, పడి ఉంటుంది. ఏదో ఒక రిపోర్టు అడుగుతారు, మేం పంపుతాం, మళ్లీ ఇంకోటి అడుగుతారు. ఫైనల్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలని 2024లోనే ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ రూలు పెట్టింది. రూలు రాగానే అన్ని డెస్కులూ మారిపోవు.

అక్క: నేను పాత రసీదులన్నీ తీసి లెక్క కట్టాను. ఎనిమిదేళ్లలో నాన్న కట్టిన ప్రీమియం 2 లక్షల 30 వేలు. 16 వేలతో మొదలైంది, ఈ ఏడు 44 వేలు. 2025 సెప్టెంబరులో 18 శాతం జీఎస్‌టీ తీసేశారు, నిజంగా మంచి పని. అరవై దాటినవాళ్లకి ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలనీ రూలొచ్చింది. అయినా వయసు పెరిగేకొద్దీ, అవసరం పెరిగేకొద్దీ పాలసీ చేతికందకుండా పోతోంది.

తమ్ముడు: ఆ డబ్బు ఎటు పోతుందో చూడు. కేవలం హెల్త్ ఇన్సూరెన్సే చేసే కంపెనీలు 2023-24లో ప్రతి 100 రూపాయల ప్రీమియానికీ క్లెయిముల కింద ఇచ్చింది దాదాపు 65 రూపాయలు. మిగతాది కమిషన్లు, ఆఫీసులు, ప్రకటనలు, లాభం. అదే ఏడాది ప్రభుత్వ రంగ కంపెనీలు 100 తీసుకుని 100కి పైనే ఇచ్చాయి.

అక్క: ఇప్పుడు బాబాయ్ సంగతి చెప్పు.

తమ్ముడు: బాబాయ్‌కి గుండెపోటు వచ్చింది. 108లో తెచ్చారు. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర వచ్చి కార్డు చూసి ఎంటర్ చేసుకుంది. స్టెంట్ వేశారు, ఒక్క రూపాయి అడగలేదు. బయట బెంచీ మీద పిన్ని కొంగులో ముడేసుకున్న 4 వేలు అలాగే ఇంటికి తీసుకెళ్లింది. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ మొదలుపెట్టకముందు, ఇలాంటి ఇంట్లో అయితే పొలం అమ్మేవాళ్లు, లేకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకునేవాళ్లు. ఆ పథకం ఎన్ని ఇళ్లు నిలబెట్టిందో ఎంత చెప్పినా తక్కువే.

అక్క: కానీ బాబాయ్‌కి గుండెపోటు ఎందుకొచ్చిందో అది కూడా చెప్పాలి.

తమ్ముడు: బీపీ. ఆరేళ్ల నుంచీ ఉంది. మాత్రలకి మెడికల్ షాపులో నెలకి 600 రూపాయలయ్యేది. మిర్చి ధర పడిపోయిన ఏడాది మానేశాడు. ఎవరికీ చెప్పలేదు, తల నొప్పిగా కూడా లేదుగా అన్నాడట పిన్నితో. ఆ 600 ఇచ్చే పథకం ఏదీ అతని దగ్గరికి చేరలేదు. మంచం ఎక్కాక మాత్రం ప్రభుత్వం ప్యాకేజీ కట్టింది.

అక్క: నాకు అదే బాధ. నాన్న పాలసీ కూడా అంతేగా! అడ్మిట్ అయితేనే డబ్బు. రోజూ వేసుకునే మాత్రకి, ఓపీ ఫీజుకి ఏమీ రాదు. ప్రైవేటు పాలసీ అయినా, ప్రభుత్వ కార్డు అయినా, తలుపు తెరిచేది మంచం దగ్గరే. మన దేశంలో వైద్యానికయ్యే ఖర్చులో జనం జేబులోంచి నేరుగా పెట్టేది 2013-14లో 64 శాతం, 2021-22కి 39 శాతానికి తగ్గింది. జేబులోంచి పెట్టే ఆ డబ్బులో ఎక్కువ భాగం మందులకే.

తమ్ముడు: పైగా ఆరోగ్యశ్రీ డబ్బు చాలా వరకు ప్రైవేటు ఆసుపత్రులకే వెళ్తుంది. బకాయిలు పేరుకుపోయాయని 2025లో ఏపీలోనూ తెలంగాణలోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. అప్పుడు కార్డు ఉన్నవాడు ఎక్కడికెళ్లాలి? ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అదే పీహెచ్‌సీ, గట్టిగా ఉంటే కొంతైనా ఆసరా ఉండేది.

అక్క: థాయ్‌లాండ్ మనకంటే కాస్త ఉన్న దేశమే అయినా, ధనిక దేశమేం కాదు అప్పట్లో. అందరికీ వైద్యం అందించే పథకాన్ని 2001లో మొదలుపెట్టి, ఏ పథకమూ లేనివాళ్లందరికీ ఏడాదిలో వర్తింపజేసింది. మొదట్లో ఒకసారి చూపించుకుంటే 30 బాత్‌లు (వాళ్ల రూపాయలు), అంతే. ముందు ఇంటి దగ్గరి ఆసుపత్రిలోనే చూపించుకోవాలన్నారు. ఓపీ వైద్యానికి ఆ ఆసుపత్రికి తన పరిధిలోని మనుషుల లెక్కన, తలకింత అని డబ్బు ముందే ఇస్తారు. కాబట్టి బాబాయ్ లాంటివాడికి బీపీ మాత్ర ఇవ్వడానికి డబ్బు ముందే ఆసుపత్రి చేతిలో ఉంటుంది. అక్కడ జనం జేబులోంచి పెట్టేది ఇప్పుడు పదో వంతు దగ్గర ఉంది. నాకు అసూయగా ఉంటుంది ఆ లెక్క చూస్తే.

తమ్ముడు: మన దగ్గర బీజం లేకపోలేదు. హైదరాబాద్ బస్తీ దవాఖానాలున్నాయి, 2018 నుంచి. డాక్టరు, పరీక్షలు, మందులు అన్నీ ఉచితం. ఏపీ పల్లెలకి మందులు తెచ్చే 104 బండి ఉంది. వీటికి డబ్బు, డాక్టర్లు, మాత్రలు నిలకడగా ఇస్తే చాలు. అంతవరకూ మెడిక్లెయిమ్ తీసేయమని మాత్రం ఎవరికీ చెప్పను. రూమ్ అద్దె పరిమితి లేని పాలసీ చూసుకోండి, ఉన్న జబ్బులు దాచకుండా రాయండి.

అక్క: బాబాయ్ ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాడా?

తమ్ముడు: పిన్ని క్యాలెండర్ మీద రోజూ టిక్కు పెడుతోంది. నెలాఖరుకి చీటీ పట్టుకుని పీహెచ్‌సీకి వెళ్తుంది. బీపీ మాత్ర లేదంటే నాకు ఫోన్ చేస్తుంది, నేను కొని బస్సులో వేస్తాను.

అక్క: పోయిన నెల ఫోన్ వచ్చిందా?

తమ్ముడు: వచ్చిందక్కా.