గబ్బిలపు ఈగ, దాని మీది శిలీంధ్రం: గుర్తింపులో జాగ్రత్తలు

సభకు నమస్కారం.

గబ్బిలాల రక్తం తాగి బతికే ఈగలు ఉన్నాయని, ఆ ఈగల ఒంటి మీద పెరిగే శిలీంధ్రాలు కూడా ఉన్నాయని మీలో చాలామంది చదివే ఉంటారు. ఆ శిలీంధ్రం పేరు తేల్చాలంటే ముందు ఈగ పేరు తెలియాలి. ఈగ పేరు ధైర్యంగా చెప్పాలంటే అది ఏ గబ్బిలం మీద దొరికిందో తెలియాలి. ఈ వరుసలో గబ్బిలం దగ్గరే తప్పు జరిగితే ఈగనూ శిలీంధ్రాన్నీ ఎంత నిశితంగా చూసినా ఫలితం ఉండదన్నదే ఈరోజు నేను చెప్పదలచుకున్న విషయం.

కాబట్టి గుర్తింపు పని సూక్ష్మదర్శిని దగ్గర కాక వల దగ్గరే మొదలవుతుంది. వలలో చిక్కిన రెండు జాతుల గబ్బిలాలను ఒకే గుడ్డసంచిలో వేస్తే ఈగలు ఒకదాని మీది నుంచి మరొకదాని మీదికి ఇట్టే మారిపోతాయి, ఆపైన అవి నివేదికలో కొత్త అతిథేయి (ఈగకు ఆశ్రయమిచ్చే జంతువు) మీద దొరికినట్టుగా నమోదవుతాయి. జాబితాల్లో ఒక్కసారి కనిపించి మళ్లీ ఎవరికీ దొరకని విచిత్రమైన జోడీలలో కొన్నిటికైనా ఇదే కారణమని నా అనుమానం. గబ్బిలానికొక సంచి, గబ్బిలానికొక సీసా ఉండాలి. ఒకసారి వాడిన సంచిని బాగా దులిపి చూడకుండా మళ్లీ వాడకూడదు. ఆల్కహాల్‌లో తడిపిన సన్నని కుంచెను తాకిస్తే ఈగ మందగిస్తుంది, అప్పుడు దాన్ని ఫోర్సెప్స్‌తో తీసి 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. చీటీని పెన్సిల్‌తో రాసి సీసా లోపలే ఉంచాలి, ఎందుకంటే సాధారణ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

ఈ ఈగలు రెండు కుటుంబాలవి: నిక్టెరిబిడే, స్ట్రెబ్లిడే. రెండూ కలిపి 500 జాతులకు పైగా ఉన్నాయి. అణుస్థాయి పరిశోధనలు స్ట్రెబ్లిడేను ఒకే మూలం నుంచి వచ్చిన వంశంగా ఒప్పుకోవడం లేదు గాని, బల్ల దగ్గర కూర్చుని వేరు చేయడానికి ఈ పాత విభజనే ఇప్పటికీ పనికొస్తుంది. నిక్టెరిబిడే ఈగలకు రెక్కలుండవు. కాళ్లు వక్షం పైభాగం నుంచి మొలిచినట్టుండడంతో చూడగానే సాలీడు అనిపిస్తాయి. తలను వెనక్కి మడిచి వక్షం మీది గాడిలో పెట్టుకుంటాయి కాబట్టి, బోర్లా ఉన్న ఈగను ఒక్కసారి చూసి వదలకుండా వెల్లకిలా తిప్పి, పక్కకు ఒరిగించి కూడా చూడాలి. కొన్ని ప్రజాతులకు కళ్లే ఉండవు, కొన్నిటి కంటిలో ఒకటి రెండు కటకాలు మాత్రమే ఉంటాయి. దువ్వెన పళ్లలా వరుసగా నిలిచిన ముళ్లు, ఆడ ఈగ ఉదరం మీది రోమాల అమరిక, మగ ఈగ జననాంగాల ఆకృతి జాతిని తేలుస్తాయి. స్ట్రెబ్లిడేలో ఎక్కువ వాటికి రెక్కలున్నా, కొన్నిటిలో అవి కురచబారాయి. ఆస్కోడిప్టెరాన్ ఆడ ఈగ సంగతి మరీ వింత: అది రెక్కలనూ కాళ్లనూ వదిలించుకుని గబ్బిలం చర్మంలో దిగబడిపోతుంది, తెలియనివారు దాన్ని పులిపిరి అనుకుంటారు.

ఇక శిలీంధ్రం. ఇది లాబుల్బేనియేల్స్ క్రమానికి చెందినది. ఈ క్రమంలో ఇప్పటివరకు 2,300కు పైగా జాతులను వర్ణించారు. వీటికి శిలీంధ్రజాలం ఉండదు. రెండు కణాల సిద్ధబీజం ఈగ కవచానికి అంటుకుని, నిర్ణీత క్రమంలో విభజన చెంది, మిల్లీమీటరులో కొద్ది వంతు పొడవున్న థాలస్‌గా, అంటే శిలీంధ్ర శరీరంగా, ఎదుగుతుంది. నలభై రెట్ల వర్ధనంలో దాన్ని రోమమనుకుని దాటిపోవడం తేలిక. రోమమైతే చిన్న గుంట నుంచి మొలిచి కొస వైపు సన్నబడుతుంది. థాలస్‌కు మొదట్లో నల్లని పాదం, పైన ఉబ్బిన పెరిథీసియం (సిద్ధబీజాలు తయారయ్యే సంచి) ఉంటాయి. ఇవి అరుదు కూడా: మధ్య యూరప్‌లో విస్తృతంగా జరిగిన ఒక పరిశీలనలో నూటికి సుమారు మూడు ఈగల మీదనే కనిపించాయి.

నిక్టెరిబిడే మీద ఆర్థ్రోరింకస్ ప్రజాతి కనిపిస్తుంది. 1857లో కొలెనాటి అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించినప్పుడు ఇది శిలీంధ్రమని గుర్తించలేదు. స్ట్రెబ్లిడే మీద ముఖ్యంగా నిక్టెరోమైసిస్, గ్లోయాండ్రోమైసిస్ కనిపిస్తాయి. ఈ రెంటినీ స్థాపించినవాడు హార్వర్డ్‌కు చెందిన రోలాండ్ థాక్స్‌టర్, మొదటిది 1917లో, రెండోది 1931లో. గ్లోయాండ్రోమైసిస్ నిక్టెరిబిడారమ్ స్ట్రెబ్లిడే ఈగల మీద పెరిగే జాతి, అయినా దాని పేరు నిక్టెరిబిడే కుటుంబాన్ని సూచిస్తుంది. కాబట్టి శిలీంధ్రం పేరును చూసి ఈగ కుటుంబాన్ని ఊహించకూడదు.

అన్నిటికన్నా చిక్కైన సంగతి వేరే ఉంది. ఒకే జాతి శిలీంధ్రం ఈగ ఒంటి మీద పెరిగిన చోటును బట్టి ఆకారం మార్చుకోగలదు: రెక్క మొదట్లో ఒక రూపం, ఉదరం మీద మరొక రూపం. పనామాలో సేకరించిన గ్లోయాండ్రోమైసిస్ మీద జరిగిన పనిలో, చూపుకు వేర్వేరుగా ఉన్న రూపాలు డిఎన్‌ఏ పోల్చినప్పుడు ఒకే జాతివని తేలింది. డిఎన్‌ఏ తీయడమూ సులువు కాదు. ఈ శిలీంధ్రాన్ని పెంపక మాధ్యమంలో పెంచలేము, కణాలు బహు కొద్ది, కణకవచం మొండిది. అందువల్ల ఒక్క థాలస్‌ను చూసి కొత్త జాతిని ప్రకటించడం తొందరపాటు. వీలైనన్ని ఈగల మీద, వీలైనన్ని చోట్ల నుంచి ఎదిగిన థాలస్‌లను సేకరించి, ప్రతిదీ ఏ భాగం మీద ఉందో బొమ్మ గీసి గుర్తించాలి. అది కుదరనప్పుడు ప్రజాతి దగ్గరే ఆగిపోవడం మేలు.

థాలస్‌ను తీసేటప్పుడు సన్నని సూదితో పాదం దగ్గరే పట్టాలి, నడుమ పట్టి లాగితే తెగుతుంది. ఆర్థ్రోరింకస్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం, ఎందుకంటే దాని చూషకం (ఆహారం పీల్చుకునే వేరులాంటి భాగం) ఈగ కవచాన్ని తొలుచుకుని లోపలికి దిగి ఉంటుంది. జననాంగాల కోసం ఈగను క్షారంలో నానబెట్టే పని శిలీంధ్రం వేరయ్యాకనే చేయాలి. మిగిలిన ఈగ శరీరాన్ని పారేయకుండా థాలస్‌ను ఉంచిన స్లైడ్ మీద వేసిన సంఖ్యే దాని సీసాకూ వేసి భద్రపరచాలి. ఈగ పేరు మీద ఎప్పుడైనా సందేహం వస్తే తిరిగి చూడడానికి అదొక్కటే ఆధారం.