ఉచిత యాంటీవైరస్: పేరు కంటే ముందు అడగవలసిన ప్రశ్న

సభకు నమస్కారం.

ఇంట్లో వాడే కంప్యూటర్‌కు ఏ ఉచిత యాంటీవైరస్ మంచిదని అడిగేవారు సాధారణంగా ఒక పేరు చెప్పమంటారు. పేరు చెప్పడం తేలికే గానీ, ఈ రంగంలో పేర్లు తరచుగా చేతులు మారుతుంటాయి. ఏవీజీ అనే యాంటీవైరస్‌ను అవాస్ట్ అనే మరో యాంటీవైరస్ సంస్థ 2016లో కొనుక్కుంది. అవీరా 2021లో నార్టన్ లైఫ్‌లాక్ చేతికి వచ్చింది. 2022లో నార్టన్ లైఫ్‌లాక్, అవాస్ట్ రెండూ కలిసిపోయి జెన్ డిజిటల్ అనే సంస్థగా మారాయి. అంటే, ఈ నాలుగు పేర్లనూ పక్కపక్కన పెట్టుకొని పోల్చి చూసేవారు నిజానికి ఒకే యజమాని సరుకును చూస్తున్నారన్నమాట. అందుచేత పేరు కంటే ముందు వేరొక ప్రశ్న అడగాలని నేను గట్టిగా నమ్ముతాను: మన దగ్గర పైసా తీసుకోని ఈ సంస్థకు ఆదాయం ఎక్కడి నుంచి వస్తోంది?

దీనికి న్యాయమైన జవాబులు లేకపోలేదు. ఉచితంగా వాడేవారిలో కొందరైనా తర్వాత డబ్బు కట్టే రకానికి మారతారన్నది చాలా సంస్థల లెక్క. అప్పుడప్పుడు ప్రకటనలు కనబడి విసుగు కలిగించినా, అందులో మోసమేమీ లేదు. అసలు ప్రమాదం మన సమాచారమే సరుకుగా మారినప్పుడు వస్తుంది. అవాస్ట్ తన యాంటీవైరస్ ద్వారా, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ల (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌ల) ద్వారా వినియోగదారులు ఏయే వెబ్‌సైట్లు చూస్తున్నారో సేకరించి, జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మింది. ఈ సంగతి బయటపడ్డాక 2020 జనవరిలో జంప్‌షాట్‌ను మూసివేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్‌ను 1.65 కోట్ల డాలర్లు చెల్లించమంది. ఒక మనిషి ఆరోగ్య సమస్యలు, మత విశ్వాసాలు, రాజకీయ మొగ్గు ఆ సమాచారం నుంచి తెలుసుకోవచ్చని కమిషన్ పేర్కొంది. యాంటీవైరస్ కంప్యూటర్‌లోని ప్రతి ఫైల్‌నూ తెరిచి చూసే అధికారంతో పనిచేస్తుంది కాబట్టి, ఇంటి తాళంచెవులన్నీ అప్పగించిన కాపలాదారు విషయంలో ఎంత విచారణ చేస్తామో దీని విషయంలోనూ అంతే చేయాలి.

విండోస్ వాడేవారికి ఒక యాంటీవైరస్ ముందే చేతిలో ఉంది. మైక్రోసాఫ్ట్ 2009లో విడిగా ఇచ్చిన సెక్యూరిటీ ఎసెన్షియల్స్ స్థానంలో, 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ పూర్తి యాంటీవైరస్‌గా విండోస్‌లో భాగమైంది. తొలినాళ్లలో పరీక్షల్లో వెనకబడిన మాట నిజమే. ఇప్పుడు జర్మనీలోని ఏవీ-టెస్ట్ ప్రయోగశాల రక్షణకు, వేగానికి, వాడుక సౌలభ్యానికి ఆరేసి చొప్పున ఇచ్చే 18 మార్కుల్లో అది అగ్రశ్రేణిలోనే నిలుస్తోంది. దాని బలం చాలావరకు ఇంటర్నెట్‌లో ఉండే సర్వర్లతో సంప్రదించడం మీద ఆధారపడి ఉంటుంది. అందువల్ల నెట్ లేకుండా, పెన్‌డ్రైవ్‌ల ద్వారా ఫైళ్లు ఎక్కువగా వచ్చిపోయే కంప్యూటర్ అయితే, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారేటివ్స్ నెట్ లేని స్థితిలో జరిపే పరీక్షల ఫలితాలను చూసి వేరొకటి ఎంచుకోవడం సబబే. అలాంటి ప్రత్యేక కారణమేదీ లేనివారికి డిఫెండర్ చాలునని నా అభిప్రాయం.

అయితే దానిలోని ఒక ముఖ్యమైన ఏర్పాటు మనంతట మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో కిందికి వెళితే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రామ్‌ల నుంచి రక్షణ, కనబడుతుంది. అందులోని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌ను ఆన్ చేస్తే, గుర్తింపు లేని ప్రోగ్రామ్ ఏదీ మీ ఫోటోల, పత్రాల ఫోల్డర్లలోని ఫైళ్లను మార్చకుండా అడ్డుకుంటుంది. ఒక్కోసారి మంచి ప్రోగ్రామ్‌నూ ఆపుతుంది. అప్పుడు దాన్ని అనుమతించిన జాబితాలో చేర్చాలి.

వేరే యాంటీవైరస్ వేసుకోదలచినవారు దాన్ని తయారీదారు సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయని బ్రౌజర్‌లో అకస్మాత్తుగా హెచ్చరించే పేజీని నమ్మనే వద్దు, ఎందుకంటే వెబ్‌పేజీకి మీ డిస్క్‌ను పరీక్షించే శక్తి లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందే టిక్ పెట్టి ఉంచిన గడులను, ముఖ్యంగా బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌నూ సెర్చ్ ఇంజిన్ మార్పునూ, ఒక్కొక్కటిగా చదివి తీసివేయండి. నిరంతరం కాపలా కాసే యాంటీవైరస్‌లు రెండింటిని ఒకేసారి ఉంచకూడదు, అవి ఒకదానికొకటి అడ్డు తగిలి కంప్యూటర్‌ను కుదేలు చేస్తాయి.

ఏ యాంటీవైరస్ అయినా సిస్టమ్‌లోని లోపాలను పూడ్చలేదు. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి మొదలైంది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది, కానీ దాన్ని వేసుకోని కంప్యూటర్లు లెక్కకు మించి దెబ్బతిన్నాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. డిఫెండర్ వైరస్ జాబితాలు 2028 దాకా అందుతాయన్నంత మాత్రాన, సవరణలు రాని ఆ వ్యవస్థ భద్రంగా ఉన్నట్టు కాదు.

చివరగా, మీ యాంటీవైరస్ మేలుకొని ఉందో లేదో తెలుసుకోవడానికి ఐకార్ పరీక్షా ఫైల్ ఉంది. కేవలం 68 అక్షరాల ఆ ఫైల్ ఏ హానీ చేయదు, అయినా యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌గానే పట్టుకోవాలన్నది ఒప్పందం. ఐకార్ సంస్థ వెబ్‌సైట్ నుంచి దాన్ని దించుకున్నప్పుడు హెచ్చరిక రాకపోతే, రియల్‌టైమ్ ప్రొటెక్షన్ (నిరంతర కాపలా) ఆగిపోయి ఉందేమో వెంటనే సెట్టింగ్‌లలో చూడండి.