మొదటి ప్రతి పూర్తయ్యాక

అందరికీ నమస్కారం. తిరుపతి ఎండలో, అదీ ఆదివారం పూట, నవలను దిద్దడం గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే చాలామంది దగ్గర మొదటి ప్రతి తయారుగా ఉన్నట్టే. సంతోషం. పబ్లిషర్‌కి మాత్రం ఇప్పుడే పంపకండి.

దిద్దడమంటే మొదటి పేజీ తీసి, అచ్చుతప్పులు సరిచేసి, వాక్యాలకు నగిషీలు పెట్టడం అనుకుంటారు. నన్నడిగితే అది ఆఖరున చెయ్యాల్సిన పని. నెలంతా కూర్చుని ఒక అధ్యాయానికి మెరుగులు పెడతారు. తీరా చూస్తే కథకు ఆ అధ్యాయమే అక్కర్లేదు. అంత కష్టపడ్డాక దాన్ని కొట్టేయడానికి చెయ్యి రాదు.

ఈమధ్య ఒక కుర్రాడి రాతప్రతి చదివాను. చంద్రగిరి పక్క పల్లెలో 2018లో నడిచే కథ. అందులో ఎవరో ‘మా తిరుపతి జిల్లా’ అంటారు. ఆ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అప్పటికి మనమంతా చిత్తూరు జిల్లావాళ్ళమే కదా! ఇది ఒక్క మాట మారిస్తే పోయే తప్పు.

ఇంకోటి అట్లా పోయేది కాదు. రైతు వానకు వేసిన చెనక్కాయ పెరికి అమ్ముతాడు. చేతినిండా డబ్బుంది. మరుసటి వారమే కూతుర్ని తిరుపతి గంగ జాతరకు తీసుకొస్తాడు. వాన చెనక్కాయ జూన్, జూలైలలో విత్తితే చేతికొచ్చేసరికి అక్టోబర్, నవంబర్. జాతరేమో మే నెలలో. మధ్యలో ఆరు నెలలు ఏమయ్యాయి? కుర్రాడు వెంటనే ‘పంట మార్చేస్తా సార్’ అన్నాడు. వద్దన్నాను. ఆ ఆరు నెలలనూ కథలో ఉండనిస్తే పంట డబ్బు అప్పులకే పోయి ఉంటుంది. జాతర నాటికి జేబు ఖాళీ. కూతురికి మాటిచ్చాడు కాబట్టి మళ్ళీ ఎవరి గుమ్మమో ఎక్కాలి. అప్పుడు జాతరలో భక్తులు వేసే బైరాగి వేషాలూ బండ వేషాలూ తిరిగే వీధిలో ఆ మనిషి నడక వేరుగా ఉంటుంది. అసలు నవల అక్కడుంది. పంట మార్చి తప్పు కప్పేసి ఉంటే అది దొరికేది కాదు.

అందుకే ఏ అధ్యాయం ఏ నెలలో జరుగుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. విసుగు పనే, చెయ్యండి.

తర్వాత మాటలు. ఒక్కో పాత్ర సంభాషణలు మాత్రమే మొదట్నుంచి చివరిదాకా పైకి చదవండి. ఒకచోట ‘ఎట్టుండావు నాయనా, సంగటి తింటివా’ అన్న జేజి, ఇంకోచోట న్యూస్ చదివినట్టు మాట్లాడితే చెవి పట్టేస్తుంది.

పాత ప్రతులు చెరిపేయకండి. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కారు. అలా చెక్కేటప్పుడు ముందే సరిచూసుకోక తప్పదు. కంప్యూటర్లో మనకా భయం లేదు, దాంతో బాగున్న పేరా కూడా తోచగానే మార్చేస్తాం. ప్రతిసారీ తేదీ వేసి వేరే ఫైలుగా దాచుకోండి.

చివరికి ఎవరికైనా చదవమని ఇచ్చినప్పుడు ‘బాగుందా’ అని అడక్కండి. మొహమాటానికి బాగుందనే అంటారు. ఎక్కడ పక్కన పెట్టి లేచారో అడగండి, ఆ పేజీ నంబర్ రాసుకోండి.

భోజనాల తర్వాత ఒక్కొక్కరి నెలల కాగితం చూద్దాం. ప్రింటవుట్ తెచ్చుకోనివాళ్ళు ఫోన్‌లోదైనా చూసి రాసుకోండి.