శుక్రవారం రీఛార్జి

అందరికీ నమస్కారం. నాకిచ్చింది పది నిమిషాలు, ఎదురుగా గోడ మీద గడియారం నన్నే చూస్తోంది, అందుకని ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వచ్చేస్తాను. ఇవాళ్టి విషయం సెల్‌ఫోన్ రీఛార్జి. నవ్వకండి. పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు, వీటి దగ్గర పది రూపాయలకు కూడా బేరమాడే మనం, రీఛార్జి దగ్గరికొచ్చేసరికి మాత్రం కొట్టువాడు ఎంత చెబితే అంత ఇచ్చేసి, ఫోన్‌లో టింగుమని మెసేజ్ రాగానే జేబులో పెట్టుకుని వచ్చేస్తాం. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగు రీఛార్జిలు. ఏడాదికి ఎంతయిందో ఎప్పుడైనా లెక్క చూశారా? నేను చూడలేదు. మా మేనత్త వల్ల చూడాల్సి వచ్చింది.

మా అత్త కావలి దగ్గర ఒక పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఆవిడ దగ్గర ఉన్నది చిన్న ఫోన్, బటన్లది. వెనక మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు చుట్టి పెట్టింది. ఆ ఫోన్‌తో ఆవిడ చేసే పనులు మూడు. కూతురితో రోజూ రాత్రి మాట్లాడుతుంది, బ్యాంకు మెసేజ్ వస్తే పక్కింటి పిల్లాడి చేత చదివించుకుంటుంది, చీకటి పడ్డాక దొడ్లోకి వెళ్ళాలంటే టార్చి వేసుకుంటుంది. అంతే. ఇంటర్నెట్ అన్న మాట టీవీలో వినడమే తప్ప దానితో ఆవిడకు ఏ సంబంధమూ లేదు.

మొన్న వేసవిలో నేను వెళ్ళినప్పుడు ఒక మాట అడిగింది. "అబ్బయా, ఈ ఫోను ఎప్పుడు చూసినా శుక్రవారమే అయిపోద్దేందిరా?"

నేను నవ్వాను. అత్తా, అదేం లేదు, నీకలా అనిపిస్తోంది అన్నాను. ఆవిడ ఊరుకోలేదు, గోడకున్న క్యాలెండర్ తెచ్చి ముందు పెట్టింది. ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన పెద్ద అంకెల క్యాలెండర్, తిథులూ వర్జ్యాలూ ఉండేది. రీఛార్జి చేయించిన రోజులకు కుంకుమతో చుక్క పెట్టుకుంది. చూస్తే నిజమే! చుక్కలన్నీ ఒకే నిలువు వరసలో ఉన్నాయి. శుక్రవారం, శుక్రవారం, శుక్రవారం.

నాకు ఒక్క నిమిషం పట్టింది. ఆవిడ రీఛార్జి గడువు 28 రోజులు, అంటే సరిగ్గా నాలుగు వారాలు. అందుకని ఇవాళ శుక్రవారం రీఛార్జి చేయిస్తే, మళ్ళీ చేయించాల్సింది శుక్రవారమే వస్తుంది, జీవితాంతం శుక్రవారమే వస్తుంది. పన్నెండేళ్ళుగా స్మార్ట్‌ఫోన్ వాడుతున్న నాకు తట్టని సంగతి, ఇంగ్లిష్ అక్షరం రాని మా అత్త కుంకుమ చుక్కలతో కనిపెట్టేసింది.

అయితే ఏమైంది, శుక్రవారం అయితే నష్టమేంటి అంటారా? మా అత్తకు నష్టమే. శుక్రవారం పూట డబ్బు బయటికి ఇవ్వదు. లక్ష్మిని చేతులారా బయటికి పంపినట్టని ఆవిడ లెక్క. పాలవాడికైనా సరే, రేపు రా నాయనా అంటుంది. అందుకని ప్రతిసారీ గురువారమే సెంటర్ దాకా నడిచి, జెరాక్సులూ కూల్‌డ్రింకులూ రీఛార్జిలూ అన్నీ ఉండే కొట్టులో డబ్బులిచ్చేసి, రేపు వెయ్యరా అని చెప్పి వచ్చేది. ఒక గురువారం ఏదో పెళ్ళికి వెళ్ళింది, ఇవ్వలేదు. శుక్రవారం ఎలాగూ ఇవ్వదు. శనివారం చూస్తే ఫోన్లు వస్తూనే ఉన్నాయి, సరే బాగానే ఉందిగా అనుకుని వదిలేసింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్లాన్ అయిపోగానే ముందు మనం చేసే కాల్స్ ఆగిపోతాయి, వచ్చేవి ఇంకొన్నాళ్ళు వస్తూనే ఉంటాయి, ఆ తర్వాత చెప్పాపెట్టకుండా అవీ ఆగిపోతాయి, మెసేజ్‌లూ ఆగిపోతాయి. ఆ ఆగిపోయిన రోజుల్లోనే గ్యాస్ బండ వచ్చింది. కుర్రాడు ఫోన్‌కి వచ్చిన నంబరు చెప్పమ్మా అన్నాడు. నంబరు రాలేదు. ఎలా వస్తుంది? నంబరు లేకుండా నేనివ్వలేను అని బండ తీసుకుని వెళ్ళిపోయాడు, వాడి తప్పు కూడా కాదు. నాలుగు రోజులు కట్టెల పొయ్యి మీద వండుకుంది ఆవిడ, డెబ్బై ఏళ్ళ వయసులో.

సరే, ఇంతకీ ఏ ప్లాన్ వేస్తున్నారు అని ఆ కొట్టుకు వెళ్ళి అడిగాను. 299 రూపాయలది, 28 రోజులు, రోజుకు ఒక జీబీ డేటా. నేను మళ్ళీ అడిగాను, ఎవరికి? ఆ బటన్ల ఫోన్‌కి? రోజుకు ఒక జీబీ? అవునన్నా, అందరూ అదే వేయించుకుంటారు అన్నాడు ఆ కుర్రాడు. రోజుకు ఒక జీబీ చొప్పున 28 జీబీల డేటా, రోజూ అర్ధరాత్రి 12 కొట్టగానే ఆవిరైపోతోంది, అందులో ఒక్క చుక్క కూడా మా అత్త ఫోన్‌లోకి వెళ్ళే దారి లేదు. గేదె లేని ఇంటికి రోజూ గడ్డిమోపు తెచ్చి వేసినట్టు.

ఇప్పుడు లెక్క. ఇక్కడ మీరు కాస్త చెవి ఒగ్గి వినండి. ధర చూడకండి, రోజుకెంతో చూడండి. 299ని 28తో భాగిస్తే రోజుకు పది రూపాయల అరవై ఎనిమిది పైసలు. 28 రోజులు కాబట్టి ఏడాదికి పన్నెండు సార్లు సరిపోదు, పదమూడు సార్లు వేయాలి. మన పంచాంగంలో అధిక మాసం మూడేళ్ళకోసారి వస్తుంది, ఫోన్ పంచాంగంలో ఏటా వస్తుంది. పదమూడు 299లు ఎంత? 3,887 రూపాయలు. టార్చి లైటుకూ కూతురితో కబుర్లకూ ఏడాదికి 3,887 రూపాయలు!

మరి దీనికి విరుగుడు లేదా అంటే ఉంది, ఉన్న సంగతే చాలామందికి తెలియదు, అందుకే ఇవాళ ఈ మైకు ముందు కూర్చున్నాను. 2024 డిసెంబర్‌లో ట్రాయ్, అంటే టెలికాం కంపెనీలకు నియమాలు పెట్టే సంస్థ, ఒక నిబంధన తెచ్చింది. డేటా అక్కర్లేనివాళ్ళ కోసం కేవలం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్ ప్రతి కంపెనీ ఒకటైనా పెట్టి తీరాలి అని. అలాంటి ప్రత్యేక ప్లాన్ల గడువు అంతకు ముందు 90 రోజులు దాటకూడదని ఉండేది, దాన్ని 365 రోజుల దాకా పెంచింది. 2025 జనవరిలో కంపెనీలు వాటిని పెట్టాయి. నేను చూసినప్పుడు మా అత్త సిమ్‌లో 84 రోజులది 469 రూపాయలకు, ఏడాదిది 1,849 రూపాయలకు ఉన్నాయి. మీరు చూసేనాటికి అంకెలు మారొచ్చు, ఈ ధరలు పిల్లల చొక్కా సైజుల్లా ఊరికే మారుతుంటాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం మారదు. ధర కాదు, రోజుకెంత? 469ని 84తో భాగిస్తే రోజుకు ఐదున్నర పైన. 1,849ని 365తో భాగిస్తే ఐదు రూపాయల ఏడు పైసలు. పది రూపాయల అరవై ఎనిమిది పైసలు ఎక్కడ, ఐదు రూపాయల ఏడు పైసలు ఎక్కడ? కాల్స్ అన్నీ అవే, ఎన్నయినా మాట్లాడుకోవచ్చు. ఏడాదికి రెండు వేల పైచిలుకు మిగులుతుంది.

మరి ఆ కొట్టు కుర్రాడు ఎందుకు చెప్పలేదు? వాడిని నేను తప్పు పట్టను. వాడి ఫోన్‌లో నంబరు కొట్టగానే పైన కనిపించేవి డేటా ప్లాన్లే, ఈ కాల్స్ ప్లాన్ బొటనవేలు నొప్పి పుట్టేలా కిందికి లాగితేనో, పక్కన వేరే గడిలో నొక్కితేనో గానీ కనపడదు. అడిగినవాడికే దొరికే సరుకు అది. కాబట్టి కొట్టుకు వెళ్ళి ఒక్క మాట అనండి. డేటా లేనిది వెయ్యి బాబూ. అంతే. లేదంటాడు. ఉంది, కిందికి చూడు అనండి. ఆ రోజు నేనూ అదే అన్నాను, వాడు కిందికి చూశాడు, అరే ఉందన్నా అన్నాడు.

చేతిలో ఒకేసారి 1,849 లేకపోతే? ఇది పెద్ద ప్రశ్నే, నేను తేలిగ్గా తీసేయను. ఏడాది ప్లాన్ చవక అనడం డబ్బున్నవాడికి తేలికే. నెలనెలా పింఛను మీద బతికేవాళ్ళకి 84 రోజులది మేలు, రోజుకు అర్ధరూపాయి ఎక్కువైనా సరే. అది కూడా భారమైతే, ఒకే తేదీకి వచ్చే ప్లాన్ అడగండి. ఐదో తేదీన వేయిస్తే మళ్ళీ వచ్చే నెల ఐదో తేదీనే. 2022లోనే ట్రాయ్ ప్రతి కంపెనీ అలాంటివీ 30 రోజులవీ ఉంచాలంది. పింఛను ఒకటో తారీఖున చేతికొస్తుంటే, రీఛార్జి రెండో తారీఖున పెట్టుకోవచ్చు, ఇక ప్రతిసారీ శుక్రవారమే పడే గొడవ లేదు.

ఇంకో మాట, సిగ్నల్. ఇంతకంటే చవక సిమ్ కూడా ఉంది, నేను తెచ్చి వేసి చూశాను. మా అత్త ఇంట్లో దానికి సిగ్నల్ రాదు, బయట వేపచెట్టు కిందికి వెళ్ళి చెయ్యి పైకెత్తితే ఒక గీత వస్తుంది. రాత్రి ఎనిమిదింటికి కూతురితో మాట్లాడటానికి వేపచెట్టు కిందికి పంపలేను కదా, అక్కడ పాములు. మీ ఇంట్లో బాగా వచ్చేది వేరే కంపెనీది అయితే నంబరు మారకుండానే మారిపోవచ్చు, 1900కి పోర్ట్ అని మీ నంబరుతో కలిపి మెసేజ్ పెడితే ఒక కోడ్ వస్తుంది, నాలుగు రోజుల్లోపు కొత్త కంపెనీవాళ్ళకు చూపించాలి. ముందు పక్కింటివాళ్ళ ఫోన్‌లో గీతలు లెక్కపెట్టుకుని అప్పుడు మారండి.

ఇక స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళ సంగతి, అంటే నా సంగతి. ఇంత చెప్పి నా ఫోన్ చూసుకున్నాను, సెట్టింగ్స్‌లో నెలకు ఎంత డేటా వాడామో చూపిస్తుంది కదా. 11 జీబీ. నేను డబ్బు కట్టేది రోజుకు రెండు జీబీలకు, అంటే 28 రోజులకు 56. ఇంట్లో వైఫై, ఆఫీసులో వైఫై, మధ్యలో బస్సులో గంట. మరి మార్చావా అంటే, లేదండీ, మార్చలేదు. పెద్ద కంపెనీలు రెండూ 2024 జూలైలో ధరలు పెంచినప్పుడు, ఎంతైనా వాడుకోగల 5జీ రావాలంటే రోజుకు రెండు జీబీల ప్లాన్ ఉండాలని పెట్టాయి, ఆ ఆశతో అలాగే ఉండిపోయాను. అవసరం వేరు, ఆశ వేరు. మా అత్తకు లెక్క చెప్పినంత తేలిక కాదు మనకు మనం చెప్పుకోవడం.

ఈ కాల్స్ ప్లాన్ ఇంకెవరికి పనికొస్తుందంటే, పిల్లలు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి, బ్యాంకు ఓటీపీల కోసం ఇక్కడి నంబరు బతికించుకునేవాళ్ళకు. మా బంధువు ఒకాయన కొడుకు సిమ్‌ని పాత ఫోన్‌లో వేసి దేవుడి గూట్లో పెట్టి, 28 రోజులకోసారి డేటా ప్లానే వేస్తున్నాడు. రాత్రి రెండు గంటలకు కొడుకు వాట్సాప్‌లో ఫోన్ చేస్తే లేచి కళ్ళజోడు వెతుక్కుని ఓటీపీ చదివి చెబుతాడు. దేవుడి గూట్లో ఉన్న ఫోన్‌కి రోజుకు జీబీ డేటా ఎందుకు బాబాయ్ అంటే, ఏమో రా, ఆపితే నంబరు పోతుందేమో అని టెన్షన్ అన్నాడు. ఆయనది అనవసరపు భయం అని కూడా అనలేను, రీఛార్జి లేకుండా నెలల తరబడి వదిలేస్తే నంబరు నిజంగానే పోతుంది, ఇంకొకరికి వెళ్తుంది. కానీ నంబరును బతికించడానికి డేటా అక్కర్లేదు, కాల్స్ ప్లాన్ చాలు.

సరే, గడియారం తొందరపెడుతోంది. ఆ రోజు మా అత్తకు నేనే ఏడాది ప్లాన్ వేయించాను. గురువారం. ఇంటికొచ్చి, అత్తా, ఇక ఏడాది దాకా నువ్వు సెంటర్‌కి నడవక్కర్లేదు, గ్యాస్ నంబరు కూడా చక్కగా వస్తుంది అని కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ సంతోషించింది, మజ్జిగ ఇచ్చింది. నేను గ్లాసు ఖాళీ చేసేలోపు వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టింది.

"అబ్బయా, పోయినేడు జెండా పండగ గురువారం. ఈ ఏడు శుక్రవారం. ఏడాదికి ఒక్క రోజు జరుగుద్ది. ఇయ్యాళ గురువారం వేసినావంటే, మళ్ళీ ఏడు అది శుక్రవారమే కదరా పడేది? నిన్ననే వేసుంటే పోయేది."