హాజరుపట్టీలో ఎవరి పేర్లున్నాయి?

మిత్రులారా,

మరికొద్ది వారాల్లో మీరు అడవి అంచునో కొండవాలులోనో ఉన్న ఊళ్లకు వెళ్లి, అక్కడి గ్రామస్థులే నడుపుకుంటున్న పర్యావరణ పర్యాటకానికి తోడ్పాటుగా, జీతం తీసుకోకుండా ఇంగ్లీషు నేర్పబోతున్నారు. ఈ పనికి బయలుదేరే ప్రతివారూ ఎలా నేర్పాలని అడుగుతారు. ఎవరికి నేర్పాలన్నది అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి.

మెక్సికో వాస్తుశిల్పి హెక్టర్ సెబాయోస్ లాస్కురాయిన్ 1983లో పర్యావరణ పర్యాటకం అన్న భావనకు ఆ పేరు పెట్టిననాడు, ప్రకృతిని చెడగొట్టకుండా చూసి రావడం మీదే ప్రధానంగా దృష్టి ఉండేది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ పర్యావరణ పర్యాటక సంవత్సరంగా పాటించిన 2002లో, కెనడాలోని క్యుబెక్‌లో జరిగిన ప్రపంచ సదస్సు తన ప్రకటనలో ప్రణాళిక నుంచి నిర్వహణ వరకు స్థానికులకు పాత్ర ఉండాలని చెప్పింది. చెప్పడం వరకు బాగానే ఉంది; ఊళ్లో మాత్రం, వచ్చిన అతిథి ఎవరితో మాట్లాడగలిగితే డబ్బు ముందుగా వారి చేతికే చేరుతుంది.

నేపాల్‌లోని సిరుబారి అనే, గురుంగు తెగవారి ఊరిని తీసుకోండి. 1997లో హోమ్‌స్టేలు (అతిథులకు ఊరివారి ఇళ్లలోనే బస) మొదలుపెట్టిన ఆ ఊరిలో, ఏ అతిథి ఏ ఇంట్లో దిగాలో అతిథి కాక ఊరి కమిటీ వంతులవారీగా నిర్ణయించే పద్ధతి పెట్టుకున్నారు. అలాంటి ఊరికి మనం వెళ్లి, చురుగ్గా కనిపించిన పదిమంది కుర్రాళ్లను పోగుచేసి వారికి మాత్రమే ఇంగ్లీషు నేర్పామనుకుందాం. వంతు ప్రకారం మరొకరి గడపలో దిగవలసిన అతిథి, మాట కలిపిన కుర్రాడి వెంట నడుస్తాడు. మరుసటి ఏడాది తన స్నేహితులను కూడా నేరుగా ఆ ఇంటికే పంపుతాడు. కమిటీ ఎంతో ఓపికతో కాపాడుకున్న పంపకాన్ని మన తరగతి ఒక్క సీజన్లో తారుమారు చేయగలదు. హాజరుపట్టీ రాయడమంటే ఊరి ఆదాయంలో వాటాలు రాయడమేనని నేను ఊరికే అనడం లేదు.

ఆ పట్టీలో సాధారణంగా కనిపించనివి ఆడవారి పేర్లు. అతిథికి వండిపెట్టేది, పక్క వేసేది వారే అయినా, వంటకు కూర్చునే వేళకే మనం తరగతి పెట్టి, వారికి ఆసక్తి లేదని నివేదికలో రాసేస్తాం. పొయ్యి దగ్గరికే తరగతిని తీసుకువెళ్లి, 'కారం తగ్గించమంటారా?', 'ఈ నీళ్లు కాచినవే' వంటి పది మాటలతో మొదలుపెడితే, అతిథి ముందు లోపలి గదిలోకి తప్పుకునే ఇల్లాలు ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. పిల్లలకు నేర్పడం గురించి ఒక్క మాటే చెబుతాను: అది బడి పని, శిక్షణ లేని మనం అందులో వేలు పెట్టవద్దు.

ఇక ఏమి నేర్పాలన్న విషయానికి వద్దాం. కంబోడియాలోని చీ ఫాట్ అనే ఊళ్లో 2007లో మొదలైన పర్యాటకంలో, అంతకుముందు వేట మీద, కలప మీద బతికినవారు కొందరు గైడ్లయ్యారు. అడుగుజాడను చూసి ఏ జంతువు ఎటు వెళ్లిందో చెప్పగల మనిషిని బల్ల ముందు కూర్చోబెట్టి 'దిస్ ఈజ్ ఎ పెన్' అనిపించడం అవివేకం మాత్రమే కాదు, అమర్యాద కూడా. ముందు ఆయన వెంట అడవిలో నడవండి. ఎక్కడెక్కడ ఆగుతాడో, అక్కడ ఏమి చెబుతాడో ఆయన భాషలోనే చెప్పనిచ్చి, దుబాసీ సాయంతో రాసుకోండి. ఆ ఆగిన చోట్లే మీ పాఠాలు. చెట్టుకు, పిట్టకు ఊరివారు పెట్టుకున్న పేరును ముందు పలికించి ఆ తరువాతే ఇంగ్లీషు పేరు చెప్పించండి. అతిథి అంతదూరం నుంచి వచ్చింది ఆ మొదటి పేరు కోసం కూడా. వ్యాకరణం మీద నాకు కోపమేమీ లేదు గానీ, అది ఈ మాటల వెనుక నడవాలి.

పాఠ్యపుస్తకాలు తక్కువగా పట్టించుకునే విద్య ఒకటుంది: కాదనడం. 'దారి దిగకండి', 'దానికి తిండి పెట్టకండి', 'ఆమెను అడగకుండా ఫొటో తీయకండి' అని నొప్పించకుండా, తడబడకుండా చెప్పలేని గైడ్, తప్పని తెలిసీ నవ్వి ఊరుకుంటాడు. అడవికి, ఊరికి నష్టం అక్కడే మొదలవుతుంది. అంకెలు కూడా అంతే ముఖ్యం. ఫిఫ్టీన్, ఫిఫ్టీ చెవికి దాదాపు ఒకేలా వినబడతాయి కాబట్టి, ధర చెప్పేటప్పుడు కాగితం మీద రాసి చూపించడం అలవాటు చేయండి. పాము కరిచినా, కాలు బెణికినా చెప్పవలసిన మాటలను నిద్రలో లేపి అడిగినా పలికేంతవరకు సాధన చేయించండి. ఉచ్చారణ గురించి బెంగ వద్దు. వచ్చే అతిథుల్లో ఎందరికో ఇంగ్లీషు మాతృభాష కాదు. జపాన్ నుంచో ఫ్రాన్స్ నుంచో వచ్చినవారికి నిదానంగా, చిన్న వాక్యాల్లో చెప్పేదే బాగా అర్థమవుతుంది.

మీరు కొన్ని నెలలుండి వచ్చేస్తారు. తరువాత వచ్చేవారు మళ్లీ ఏ, బీ, సీల నుంచి ఎత్తుకుంటారు. ఊరివారు మర్యాద కొద్దీ మళ్లీ మొదటి నుంచి వల్లిస్తారు. దీన్ని తప్పించాలంటే, మొదటి వారంలోనే ఊరి నుంచి ఒకరిద్దరిని సహాయకులుగా ఎంచుకుని, ఒక్కొక్క పాఠాన్ని వారి చేతికి వదులుతూ, చివరి వారానికి మీరు వెనుక వరుసలో కూర్చోవాలి. జరిగిన పాఠాలన్నీ ఒక నోటుపుస్తకంలో, ఊరి భాషలో రాయించి కమిటీకి అప్పగించండి. ఆ పుస్తకం మొదటి పేజీలో, తరగతికి వచ్చినవారి పేర్లకంటే ముందు, ఏ ఇంటి నుంచి ఎవరూ రాలేదో, ఎందుకు రాలేకపోయారో రాయించండి. మీ తరువాత వెళ్లేవారు ముందుగా ఆ ఇళ్లకు వెళ్తారు.