మొగలో ఇసుక, లోపల బురద: హార్బర్ పూడికపై చర్చ

నిర్వాహకురాలు: ఏటా పూడిక తీస్తున్నారు. అయినా ఏడాది తిరక్కుండానే బోట్లు నేల తగులుతున్నాయి. లోపం ఎక్కడండి?

తీర ఇంజినీరు: మేట వేసింది ఇసుకా, బురదా అని తేల్చుకోకుండా తవ్వడంలో. మొగలో, అంటే బోట్లు వచ్చిపోయే హార్బర్ నోటి దగ్గర, చేరేది ఇసుక. మన కోస్తాలో ఏడాది మొత్తం మీద అలలు దాన్ని ఉత్తరం వైపే ఎక్కువగా నెడతాయి. అలల్ని ఆపే దక్షిణపు రాతికట్ట, అదే బ్రేక్‌వాటర్, దాన్ని ఆనుకుని ఇసుక నిండుతూ, కొస దాటగానే మొగకు అడ్డంగా దిబ్బ కడుతుంది. లోపల దిగేది పోటుతో వచ్చే సన్న బురద. ఉప్పునీటిలో బంకమట్టి రేణువులు ముద్దకట్టి, నీరు కదలని మూలల్లో కూర్చుంటాయి.

నిర్వాహకురాలు: ఎంత దిగుతుందో ముందే చెప్పొచ్చా?

తీర ఇంజినీరు: ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. బోట్లు కట్టే లోపలి నీటి భాగం, అంటే బేసిన్, 4 హెక్టార్లు, పోటు 1 మీటరు అనుకోండి. పోటుకు 40,000 ఘనపు మీటర్ల నీరు లోపలికొస్తుంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల మట్టి ఉంటే 8 టన్నులు. అందులో సగం దిగినా, ఏడాదికి సుమారు 700 పోట్లకు 2,800 టన్నులు. మెత్తటి బురద ఘనపు మీటరులో పొడి మట్టి అర టన్నే అనుకుంటే, అడుగంతా 14 సెంటీమీటర్లు. కానీ సమంగా పరుచుకోదు, జెట్టీ మూలలు ముందు పూడతాయి.

బోటు సంఘం ప్రతినిధి: మాకది ఇంజిన్‌లో తెలుస్తుందండి. కూలింగ్ నీటిని వడకట్టే స్ట్రెయినర్ మూసుకుపోతుంది, ఆ నీటిని తోడే పంపు ఇంపెల్లర్ రెక్కలు అరుగుతాయి, బయటికి పడే కూలింగ్ నీరు సన్నబడుతుంది. అప్పుడే ఇంజిన్ ఆపాలి. టెంపరేచర్ మీటరు ముల్లు లేచేదాకా ఆగితే హెడ్ గాస్కెట్ పోతుంది.

నిర్వాహకురాలు: సర్వేలో లోతుందంటారు, బోటు మాత్రం కదలదు?

డ్రెడ్జింగ్ నిపుణుడు: ధ్వని తరంగాలతో లోతు కొలిచే ఎకో సౌండర్‌లో 200 కిలోహెర్ట్జ్ తరంగం బురద పైపొర నుంచే తిరిగొస్తుంది. 33 అయితే మెత్తటి పొర దాటి గట్టి నేలదాకా వెళ్తుంది. రెండూ కొలవాలి. పనికి ముందు 200తో, తర్వాత 33తో చూపిస్తే తవ్వని బురదకూ బిల్లవుతుంది! ఏది లెక్కో టెండరులోనే రాయాలి.

నిర్వాహకురాలు: తీసింది ఎక్కడ పోయాలి?

తీర ఇంజినీరు: ఇసుకైతే మొగకు ఉత్తరాన, కోతకు గురయ్యే బీచ్ మీద. విశాఖ ఔటర్ హార్బర్ ఇసుక ట్రాప్‌లో, అంటే కొట్టుకొచ్చే ఇసుకను పట్టే గుంతలో, తవ్వింది ఆర్కే బీచ్‌కు పంపేది అందుకే. దక్షిణాన పోస్తే మళ్లీ మొగలోకే. బురదకైతే ముందు భారలోహాలు, నూనె పరీక్ష చేయించి, గట్లు కట్టిన మడిలో ఆరబెట్టాలి.

నిర్వాహకురాలు: పనికి అనువైన కాలం?

డ్రెడ్జింగ్ నిపుణుడు: మొగలో తవ్వడానికైతే వేట నిషేధ కాలం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14. నైరుతి అలలు ముదిరేలోపు మొగ దగ్గరి ఇసుక ట్రాప్ ఖాళీ అవ్వాలి.

బోటు సంఘం ప్రతినిధి: బేసిన్‌కు అది కుదరదండి. బోట్లన్నీ అప్పుడు అక్కడే కట్టి ఉంటాయి. వేట మొదలయ్యాక, ఒక్కో జెట్టీ ఖాళీ చేయించి తవ్వుకోండి.

డ్రెడ్జింగ్ నిపుణుడు: నిజమే. జెట్టీ గోడ పాదం దగ్గర డిజైన్ లోతు దాటి ఒక్క బకెట్ కూడా తియ్యకూడదు, గోడ ముందుకు వాలుతుంది.