ఇంట్లో రామచిలుకను పెంచుతున్నారా? ఇది వినండి

నమస్కారం అండీ. ఈరోజు రామచిలుక గురించి మాట్లాడుకుందాం. వరండాలో పంజరం, అందులో చిలుక, ఎవరొచ్చినా అది పలకరించడం... మన ఊళ్లలో ఇది చూడనివాళ్లు ఉండరు. పెంచేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. జామకాయ ముక్కలు, నానబెట్టిన శెనగలు పెట్టి ముద్దుగా చూసుకుంటారు. "సొంత బిడ్డలా పెంచుకుంటున్నాం, ఇందులో తప్పేముందండీ?" అని అడుగుతారు. సూటిగానే చెబుతాను, తప్పే.

ముందు చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుక వన్యప్రాణి. దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. 2022లో చట్టాన్ని సవరించాక చిలుకను రెండో షెడ్యూల్లో, అంటే చట్టం రక్షించే ప్రాణుల జాబితాల్లో ఒకదానిలో, చేర్చారు. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. "నేను పట్టలేదు, సంతలో డబ్బిచ్చి కొన్నాను" అంటే కుదరదు. ఇలా పట్టిన ప్రాణి ప్రభుత్వ ఆస్తి. మన చేతికొస్తే 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌లో గానీ అటవీ అధికారికి గానీ చెప్పాలని చట్టంలోనే ఉంది. షాపుల్లో లవ్ బర్డ్స్ అని అమ్మే బడ్జీలు ఆస్ట్రేలియా జాతి, వాటి సంగతి వేరు.

చట్టం పక్కన పెట్టినా, ఆ చిలుక మీ ఇంటిదాకా ఎలా వచ్చిందో ఆలోచించండి. చిలుకలు చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. చలికాలం చివర్లో, ఎండాకాలం మొదట్లో పిల్లలు బయటికొస్తాయి. ఇంకా ఈకలు కూడా సరిగ్గా రాని పిల్లల్ని తొర్రలోంచి లాగేస్తారు. చెయ్యి పట్టకపోతే తొర్రనే చెక్కేస్తారు. అంటే మరుసటి ఏడాదికి ఆ గూడు కూడా ఉండదు. ఇరుకు బుట్టల్లో కుక్కి తెస్తుంటే దారిలోనే ఎన్నో చచ్చిపోతాయి. బతికినవాటికి ఎగరకుండా రెక్కల ఈకలు కత్తిరిస్తారు. మనం ముద్దు చేసేది వాటిలో మిగిలిన ఒక్కదాన్ని.

ఒక్కసారి పంజరం దగ్గర కూర్చుని చూడండి. తోక ఈకల కొనలు ఊచలకు రాసుకుని చీలిపోయి ఉంటాయి. కొన్ని చిలుకలు ఛాతీ మీద ఈకల్ని తామే పీక్కుంటాయి, చర్మం కనపడేదాకా. గంటల తరబడి ఒకేలా తల ఊపుతుంటే డాన్స్ చేస్తోందని ఫోన్‌లో వీడియో తీస్తాం. గుంపుతో తిరిగే పక్షి అది. దానికి ఒంటరితనం ఎంత కష్టమో మనకు తట్టదు. ఇలా ఇరవై ఏళ్లకు పైగా కూడా బతుకుతుంది.

రామదాసు కథ తెలుసు కదా. గోల్కొండ ఖైదులో ఆయన పన్నెండేళ్లు ఎందుకు మగ్గారంటే, పూర్వజన్మలో ఒక చిలుకను పంజరంలో బంధించినందుకే అని పెద్దలు చెబుతారు. నిజంగా జరిగిందా అన్నది నాకు ముఖ్యం కాదు. ఏ చట్టమూ లేని రోజుల్లోనే మనవాళ్లు దీన్ని పాపం కింద లెక్కేశారు, నాకు అది గొప్పగా అనిపిస్తుంది. పక్షులకు ఆకాశంలో ఎగిరే హక్కు ఉందని, వాటిని బోనుల్లో పెట్టకూడదని 2015లో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది.

ఇప్పటికే ఇంట్లో చిలుక ఉంటే మాత్రం తొందరపడి పంజరం తలుపు తీసెయ్యకండి, దయచేసి. ఏళ్ల తరబడి కదలని రెక్కల్లో బలం ఉండదు, తిండి వెతుక్కోవడం రాదు, కాకులు పొడిచి చంపేస్తాయి. దగ్గర్లోని అటవీ శాఖ ఆఫీసుకు ఫోన్ చేసి అప్పగించండి. అధికారులకూ ఒక మాట. తమంతట తామే తెచ్చిచ్చేవాళ్లను కేసు పేరుతో భయపెడితే రేపు ఇంకెవరూ రారు. ఆ గట్టిదనమేదో పక్షుల్ని పట్టి అమ్మేవాళ్ల మీద చూపించండి. పక్షుల సంతలన్నింటిలో ఏవి కొంటే నేరమో బొమ్మలతో, తెలుగులో పెద్ద బోర్డులు పెట్టించండి.